యామయు బాయియు : మధ్యమస్థాయి జపాను భాషాధ్యయనమును గూర్చి

జపాను భాష నేర్వబూనిన తెలుగు విద్యార్థికి మొదటి యేట కలుగు ఉత్సాహము రెండవ యేట నిలుచుట అరుదు. మొదటి యేట నేర్వవలసినవి రెండు వర్ణమాలలు, ఒక్కొక్కదానియందు నలుబదియారేసి అక్షరములు, కుశలప్రశ్నలు, అంకెలు, అంగడిలో వెల యడుగు వాక్యములు. ఇవి కొలది నెలలలో వశమగును. మధ్యమస్థాయికి వచ్చునప్పటికి చీనా నుండి వచ్చిన లిపిచిహ్నములు వందలకొలదిగ మీద బడును. నిత్యవ్యవహారమునకై జపాను ప్రభుత్వము నిర్దేశించిన పట్టికలో 2010 నుండి ఇట్టివి 2136 కలవు. అంతకంటె చిక్కైనది క్రియ. ఒక క్రియ వెనుక మరియొక క్రియ వచ్చి చేరి, వాక్యార్థమును చివరి క్షణమున మలుపు త్రిప్పును. అంతర్జాతీయముగ జరుగు జపాను భాషాసామర్థ్యపరీక్షను 2010లో నాలుగు మెట్ల నుండి అయిదు మెట్లకు పెంచినపుడు క్రొత్తగ చేర్చినది నడిమి మెట్టే. క్రింది మెట్లకును పై మెట్లకును నడుమ ఎడము మిక్కుటముగ నున్నదని పరీక్ష నడుపువారే ఒప్పుకొని రన్నమాట.

ఈ యెడమునకు భాషాకాఠిన్య మొక్కటే కారణము కాదనియు, తెలుగు విద్యార్థి విషయమున ఇంగ్లీషు మాధ్యమము దానిని అనవసరముగ పెంచుచున్నదనియు నా యభిప్రాయము. ఇది నా యనుభవమున తోచిన మాట. గ్రంథములలో వెదకి తెచ్చినది కాదు. మాది గోదావరిఖని. మా తండ్రి బొగ్గు నింపు కార్మికుడు. రామగుండము స్టేషనులో రైలెక్కి కాజీపేట మీదుగ హైదరాబాదు చేరి నేను ఈ భాష నేర్చితిని. 1958లో ఆంగ్లబోధనకై హైదరాబాదున నెలకొల్పబడి, 2007లో కేంద్రవిశ్వవిద్యాలయమైన సంస్థయందు నేడు జపాను భాషకును స్థానమున్నది. నేను చదివినది అచట కాదు. చదివిన చోటి పేరు ఇచట అప్రస్తుతము. అచటి బోధన ఇంగ్లీషున సాగెడిది, పాఠ్యపుస్తకము ఇంగ్లీషు వారికై వ్రాయబడినది, తెలుగులో ప్రశ్న యడుగుట అమర్యాదగ భావింపబడెడిది.

ఒకనాడు అభ్యాసమునకై ఇచ్చిన కాగితమున ఒక చిన్న గద్యఖండిక యుండెను. అందొకడు ‘యామ’ నుండి పైకెక్కి వచ్చి స్నానము చేసెను. ‘యామ’ యన కొండ. మొదటి వారముననే నేర్చిన పదము, మూడు శిఖరముల బొమ్మవలె నుండు చిహ్నము. కొండ నుండి దిగి రావలెను గాని ఎక్కి వచ్చుట యేమి? ఇంగ్లీషు నిఘంటువు నాకు కొండనే చూపెను. నేను దానిని అచ్చుతప్పుగ భావించి ‘దిగి’ యని దిద్దితిని. నా దిద్దుబాటుకు ఎఱ్ఱసిరా గీత పడినది గాని కారణ మెవ్వరును చెప్పలేదు. తరువాత తెలిసినది: క్యూషూ ద్వీపము ఉత్తరభాగమున చికుహో యను బొగ్గుసీమ యున్నది, అచటి కార్మికులు గనిని ‘యామ’ యందురు. పుస్తకములలో ‘తన్కో’ యను రెండు చిహ్నములు వ్రాసి, వాని ప్రక్కన చిన్న అక్షరములతో ‘యామ’ యని చదువవలసినట్లు సూచించుట కలదు. వ్రాత తన్కో, నోట యామ.

అది తెలిసిన దినమున నాకు నవ్వు వచ్చినది. మా ఊరి పేరున ‘ఖని’ యున్నది. ఆ మాట మా యింట నెవ్వరును పలుకగ నేను వినలేదు. మాకది ‘బాయి’. బాయి పని, బాయి దిగుట, బాయి ఎక్కుట, బాయి దొర. ఖని తత్సమము, బావి ‘వాపి’ నుండి వచ్చిన తద్భవము, దాని నోటిరూపము బాయి. జపాను చిహ్నములకు చీనా పలుకుబడి ననుసరించిన పఠనమొకటి, దేశ్యమైన పఠనమొకటి ఉండుట ఇంగ్లీషు పుస్తకములు వింతగ వర్ణించును, విద్యార్థులు దానికి భయపడుదురు. తత్సమ తద్భవ దేశ్యముల విభాగము పాఠశాలలో చదివిన తెలుగువానికి ఇందు వింత యేమియు లేదు. ఒకే వస్తువునకు కాగితముపై నొక మాట, నోట నొక మాట ఉండునని మనకు చిన్ననాటనే తెలియును. జపానువాడు భూమిలోని గనిని కొండ యనెను, తెలంగాణమువాడు బావి యనెను. ఇరువురును తమ ఊరిలో కంటి కెదుట నున్న దాని పేరే భూమి క్రింది చీకటికి పెట్టుకొనిరి. ఈ మాట ఆ తరగతిలో చెప్పుటకు నాకు అవకాశము లేకపోయెను.

ఇక క్రియల సంగతి. మధ్యమస్థాయి వ్యాకరణమున సగము పాఠములు ‘తె’ కారాంతమైన అసమాపకక్రియ చుట్టు తిరుగును. ‘తబెతె శిమత్త’ యని యుండగ, ఇంగ్లీషు పుస్తకము ‘పూర్తిగ తినుట, లేక పశ్చాత్తాపము కలుగునట్లు తినుట’ యని రెండు పంక్తుల వివరణ మిచ్చును. తెలుగున అది ‘తినివేసెను’, అంతే. ‘కితె మిరు’ అనగ ‘తొడిగి చూచు’. ‘కత్తె ఒకు’ అనగ ‘కొని పెట్టు’. ఆ భాషలో ‘చూచు’ క్రియ చూచుటయే, ‘పెట్టు’ క్రియ పెట్టుటయే. రెండు భాషలును ఒకే క్రియలను ఒకే పనికి నియోగించుకొన్నవి. ‘కినో కత్త హొన్’ అనగ ‘నిన్న కొన్న పుస్తకము’. ఇందు మూడు మాటలకు మూడు మాటలు, అదే వరుస. ఇంగ్లీషు మాధ్యమమున నేర్చువాడు ముందు పుస్తకమును తెచ్చి, దాని వెనుక ఒక సంబంధసర్వనామమును తగిలించి, పిదప దాని నంతయు త్రిప్పి వేయవలెను. తెలుగువాడు చిన్నయసూరి చెప్పిన క్త్వార్థమును, ధాతుజవిశేషణమును తలచుకొన్న చాలును. తరగతిలో మాచేత రెండు మారులు త్రిప్పించిరి: తెలుగు నుండి ఇంగ్లీషునకు ఒకమారు, ఇంగ్లీషు నుండి జపానునకు రెండవమారు. రెండుమారులు త్రిప్పిన పిదప వస్తువు మొదటి స్థానముననే యుండునన్న సంగతి ఎవరికిని తట్టలేదు.

వీని యన్నింటిలో నన్ను మిక్కిలి ఆకర్షించినది ‘ఇత్తె కిమసు’. ఇల్లు విడిచి వెళ్ళునపుడు పలుకు మాట. ఇంగ్లీషు పుస్తకము దీనిని ‘ఇంటి నుండి బయలుదేరునపుడు వాడు లాంఛనపదబంధము’ అని చెప్పి, కంఠస్థము చేయుమనును. ‘ఇత్తె’ యనగ వెళ్ళి, ‘కిమసు’ అనగ వచ్చెదను. వెళ్ళి వచ్చెదను! ఇంటనున్నవారు చెప్పు బదులు ‘ఇత్తె ఇరశ్శై’, వెళ్ళి రండు. తెలుగునాట ‘పోతాను’ అని గడప దాటరాదని పిల్లలకు కూడ తెలియును. మొదటి షిఫ్టునకు తెల్లవారుజామున మస్టరు వేయించుకొనుటకు బయలుదేరుచు మా తండ్రి ‘పోయొస్త’ అనెడివాడు, మా తల్లి ‘పైలంగ పోయి రా’ అనెడిది. ఎన్నడైన ఆ మాట నోట రాక మునుపే సైకిలెక్కినచో ఆమె వాకిట నిలిచి పిలిచెడిది. దీనిని లాంఛనమందురా? బాయి దిగువాని యింట అది లాంఛనము కాదు. చికుహో గడపలలో పలికిన ‘ఇత్తె కిమసు’ గూడ లాంఛనము కాకయుండునని అనుమాన ప్రమాణమున చెప్పుచున్నాను.

వర్ణక్రమమును గూర్చి ఒక మాట చెప్పి ముందునకు పోవుదును. జపాను అక్షరముల వరుస అ, క, స, త, న, హ, మ, య, ర, వ. బౌద్ధుల సిద్ధమాతృకాలిపి ద్వారమున అచటికి చేరిన సంస్కృతవర్ణసమామ్నాయము దీనికి మాతృక. చవర్గము చోట ‘స’ యున్నది. ‘న’కును ‘మ’కును నడుమ పవర్గ ముండవలసిన చోట ‘హ’ యేల వచ్చినది? ప్రాచీనకాలమున ఆ వరుస పకారమే గనుక. మన ‘పాలు’ కన్నడమున ‘హాలు’, మన ‘పులి’ అచట ‘హులి’ యయిన మార్పు వంటిదే సముద్రము కావల వేఱుగ జరిగినది. ద్రావిడభాషాచరిత్ర చదువు విద్యార్థికి ఈ ఒక్క యుదాహరణము ఒక గంట పాఠమునకు సరిపోవును.

ఇట్టి పోలికలను చూచి భాషాబంధుత్వమును స్థాపింపబోవుట మాత్రము ప్రమాదకరము. ఓనో సుసుము యను పండితుడు 1980 దశకమున జపాను తమిళములకు సంబంధము కలదని పెక్కు పదసామ్యములతో వాదించెను. తులనాత్మక భాషాశాస్త్రజ్ఞులలో ఎక్కువమంది దాని నంగీకరింపలేదు. క్రియాంతమైన వాక్యము, విభక్తులు నామమునకు వెనుక నుండుట, విశేషణవాక్యము ముందుండుట—ఇవి టర్కీ భాషయందును కొరియా భాషయందును కలవు. పోలిక వేఱు, చుట్టరికము వేఱు. నేను చెప్పునది బోధనకు సంబంధించిన మాట, వంశవృక్షమునకు సంబంధించినది కాదు.

ఇంగ్లీషు మీదుగ వచ్చుటవలన కలిగిన నష్టము తరగతిగదికే పరిమితము కాలేదు, సాహిత్యమునకును సోకినది. మన హైకు దీనికి నిదర్శనము. గడచిన శతాబ్ది చివరి దశకమున హైకు తెలుగున విరివిగ వెలసినది. ఇస్మాయిల్ గారి ‘కప్పల నిశ్శబ్దం’ 1997లో వచ్చినది. ఆ కవి శక్తిని నేను శంకింపను. కాని హైకు లక్షణము చెప్పినవారిలో పలువురు అయిదు, ఏడు, అయిదు ‘అక్షరములు’ అని వ్రాసిరి. ఇంగ్లీషు పుస్తకమున సిలబులని యుండుటచే మనవారు అక్షరమనిరి. జపానువాడు లెక్కించునది అక్షరము కాదు, మాత్ర. ‘తన్కో’ ఇంగ్లీషు లెక్కకు రెండు. జపాను లెక్కకు త, న్, కో యందలి రెండు, వెరసి నాలుగు. మన ఛందస్సున ‘తన్’ గురువు, ‘కో’ గురువు, నాలుగు మాత్రలు. ‘ఇత్తె’ వారికి మూడు. మనకును గురువొకటి, లఘువొకటి, మూడే. ఇంత సులువుగ సరిపోవు కొలత మన యింట నుండగ పొరుగింటి తూనికరాయి నెరువు తెచ్చుకొంటిమి. మాత్రల లెక్కన హైకు తెలుగున వ్రాయుట సులభమని నేననను. ‘గోదావరిఖని’ యనగనే ఎనిమిది మాత్రలు. మా ఊరి పేరొక్కటే నడిమి పాదమున పట్టదు. ఆ యిరుకును అనుభవించి వ్రాసినచో మనకు వేఱొక హైకు దొరకియుండెడిది. దానిని మంచిదనుటకును చెడ్డదనుటకును నేను సాహసింపను.

ఇపుడు నా అసలు విషయమునకు వచ్చుచున్నాను. మధ్యమస్థాయి ముగించినవానికి ఏమి చదువ నియ్యవలెను? పర్యాటకుని సంభాషణలు, కంపెనీ ఉత్తరప్రత్యుత్తరములు తరగతిలో కావలసినన్ని చదివించిరి. సింగరేణి సీమ నుండి వచ్చిన విద్యార్థికి నేను చికుహో గ్రంథములను సూచింతును. యమమొతొ సకుబెయి 1892లో పుట్టి, బాల్యమునుండియు గనులలో పనిచేసి, అరువది యేండ్లు దాటిన పిదప కుంచె పట్టి గనిజీవితమును చిత్రించెను. ప్రతి చిత్రముపై తన మాండలికమున వివరము వ్రాసెను. 1984లో మరణించెను. 2011లో యునెస్కో వారి ప్రపంచస్మృతిపట్టికలో చేరిన ఆయన చిత్రములును దినచర్యలును జపాను నుండి అందు చేరిన మొట్టమొదటి వస్తువులు. ఆ చిత్రములలో బొగ్గు ముఖమున పండుకొని తవ్వువాడు ‘సకియామ’, వాని వెనుక బొగ్గు నెత్తి ఈడ్చునది ‘అతొయామ’. ముందరి యామ, వెనుకటి యామ. పెక్కుచోట్ల వారు భార్యాభర్తలు. మన దేశమున 1952 గనుల చట్టము స్త్రీలను భూగర్భమున పని నుండి నిషేధించినది; గోదావరిఖని గనులు ఆ తరువాత తెరువబడినవి గనుక మా తల్లులు బాయి దిగలేదు. చికుహో స్త్రీలు దిగిరి. వారి మాటలను మొరిసకి కజుఎ యను రచయిత్రి విని, వ్రాసి, 1961లో ‘మక్కుర’ యను పుస్తకముగ వెలువరించెను.

‘మక్కుర’ యనగ కటికచీకటి. ‘కుర’ చీకటికి మూలము. ‘మ’ ముందు చేరి నడిమి హల్లును ద్విరుక్తము చేసి, అర్థమునకు బలమిచ్చినది. ‘మన్నక’ యనగ నట్టనడుమ. పగలునకు పట్టపగలు, కడకు కట్టకడ యగునపుడు వచ్చు ద్విరుక్తటకారము బాలవ్యాకరణము చదివినవారికి గుర్తుకు రాకపోదు. సూత్రము వేఱైనను చెవికి తగులు దెబ్బ యొకటే. కనుక నేను ఈ పేరును ‘చీకటి’ యనియు ‘అంధకారము’ అనియు తెలిగించుటకు ఒప్పుకొనను.

అంతకు ముందేడు, 1960లో, ఉఎనొ ఎయిశిన్ రచించిన గ్రంథము వెలువడినది. ఈయన 1923లో పుట్టినవాడు. విశ్వవిద్యాలయపు చదువు విడిచి క్యూషూ గనులలో కార్మికుడుగ చేరెను. నూనె వచ్చి బొగ్గును త్రోసివేయుచున్న దినములవి. చిన్న గనులు ఒక్కొక్కటిగ మూతపడుచుండెను. గ్రంథనామము ‘ఒవరెయుకు కోఫుతచి’. మధ్యమస్థాయి వ్యాకరణమంతయు ఈ రెండు మాటలలో నిమిడి యున్నది. ‘ఒవరె’ తరుమబడి, ‘యుకు’ పోవు, ‘కోఫుతచి’ గనికార్మికులు. ఇంగ్లీషున చెప్పినచో తరుమబడుట నిలుచును, ‘పోవు’ జారిపోవును. ఆ ‘పోవు’ లోనే గ్రంథమున్నది. చెప్పువాడు నిలిచి చూచుచున్నాడు. వారు ఒక్కసారి మాయమగుట లేదు, అతని కన్నులయెదుటి నుండి దూరముగ పోవుచున్నారు. తెలుగున ‘తరుమబడి పోవుచున్న గనికార్మికులు’ అన్నచో ఒక్క ముక్కయు నేల బడదు. అయినను ‘బడు’ ధాతువు మన నోట లేదు, పండితుల కలముననే యున్నది. ‘తరిమితే పోతున్న బాయి కార్మికులు’ అని నేను మార్చి చూచితిని. ఇందు తరిమినవా డొకడు తొంగి చూచుచున్నాడు. మూలమున వాడు దాగియున్నాడు. ఏది మేలో ఇప్పటికిని నిశ్చయింపలేకున్నాను.

చికుహోలో చివరి గని 1976లో మూతబడినది. మూతబడుచుండగనే వారు వ్రాసికొనిరి, ఇది గమనింపదగినది. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ పేర మొదలై, 1920 నుండి సింగరేణి కాలరీస్ పేర నడచుచున్న మన సంస్థ మూతబడలేదు. కాని 1990 దశకారంభమున లక్షకు పైబడియున్న కార్మికుల సంఖ్య నేడు అందు సగమునకు తక్కువ. తట్ట నెత్తిన పెట్టి టబ్బులు నింపిన తరము వెళ్ళిపోయినది, వెళ్ళిపోవుచున్నది. వారి పనిని యంత్రములును ఓపెన్ కాస్టులును తీసికొన్నవి. సాహిత్య అకాడమి పక్షమున భద్రిరాజు కృష్ణమూర్తి గారు వ్యవసాయపదములను 1962లో మాండలిక వృత్తిపదకోశముగ వెలువరించిరి. చేనేతపదముల సంపుటము 1971లో వచ్చినది. ఆ మార్గమున బొగ్గుబాయి పదములను కూర్చువానికి సకుబెయి చిత్రముల వివరములు గొప్ప నమూనా: పనిముట్టు, దాని బొమ్మ, దాని పేరు, దానితో పడిన బాధ, ఒక్క పుటలో. ఆ వివరములను చదువుటకు మధ్యమస్థాయి చాలదు. అవి క్యూషూ మాండలికమున నున్నవి. మొదటి పుట చదువుటకు నాకు నెల పట్టినది. పాఠ్యపుస్తకపు తెలుగు మాత్రము నేర్చిన విదేశీయుడు గోదావరిఖని చౌరస్తాలో నిలిచినచో ఎట్లుండునో అట్లే నా స్థితి.

తెలుగు అన్నిచోట్ల దారి చూపదని గూడ చెప్పవలెను. ‘ఇచ్చు’ క్రియ యొక్కటి చాలును. జపానున తాను ఇతరుల కిచ్చుట ‘అగెరు’, ఇతరులు తన కిచ్చుట ‘కురెరు’. మనకు రెండింటికిని ఇచ్చుటయే. నేను నెలలకొలది తప్పులు చేసితిని. పిదప ఎమెనో పండితుడు ద్రావిడభాషలలోని ‘వచ్చు’, ‘ఇచ్చు’ క్రియలను గూర్చి 1945లో ప్రకటించిన వ్యాసము కంటబడినది. మూలద్రావిడమున ఇట్టి భేదముండెను. మలయాళమున ‘తరుక’, ‘కొడుక్కుక’ యని నేటికిని నిలిచియున్నది. మన ‘తెచ్చు’ ఆ మొదటి ధాతువునకు మిగిలిన జాడ. మనము పోగొట్టుకొన్నదానిని జపాను పాఠమున తిరిగి నేర్వవలసివచ్చినది.

మరియొకటి కర్మణిప్రయోగము. జపానువారు అకర్మకక్రియలకు గూడ కర్మణిరూపము కల్పింతురు. ‘చిచి ని శినరెత’ అనుటలో తండ్రి మరణించెను; ఆ మరణము చెప్పువానిపై బడెను. ఇంగ్లీషు పుస్తకము దీనికి ‘బాధాసూచక కర్మణి’ యని పేరు పెట్టి, అనువదింప శక్యము కాదని చెప్పి వదలివేసెను. ‘నాన్న చనిపోయెను’ అన్నచో బాధపడినవాడు వాక్యమున లేడు. ‘నాన్న చావుచే నేను పీడింపబడితిని’ అన్నచో అది తెలుగు కాదు. ఈ వాక్యము నా వద్ద చాలకాలము తెలుగు కాకయే యుండెను.

మా తండ్రి పదవీవిరమణ చేసిన పిదప మూడవ యేట కాలము చేసెను. తరువాతి సంక్రాంతికి నేనింటికి పోయినపుడు పొరుగామె వచ్చి మా తల్లిని పలుకరించుచుండెను. నేను లోపలి గదిలో పుస్తకము ముందు కూర్చుండి యుంటిని. మా తల్లి యన్నమాట గోడ కీవలకు వినవచ్చినది: ‘ఇరవై తొమ్మిదేండ్లు బాయి దిగి ఎక్కిండు, అప్పుడేం కాలె. ఇంట్ల కూసున్నంక నాకు కాకుండ పోయిండు.’

‘నాకు కాకుండ పోయిండు’ అని ఆ వాక్యము ప్రక్కన పెన్సిలుతో వ్రాసికొంటిని.